పోస్టర్‌లో బొమ్మ లేనివాళ్ళ సంగతి: ఆటల మీద మీ ప్రశ్నలు

2025 చివరికొచ్చేసరికి అందరికీ ఆటల మీద కోపమూ ప్రేమా ఒకేసారి పొంగుతాయేమో, ఈసారి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కలిపి పెద్ద కుప్పే అయింది. సగం కోహ్లీ గురించి, పావు క్రికెట్ కోచ్ గంభీర్‌ని తిట్టడానికి. తిట్లు తీసేసి మిగిలినవాటిలోంచి కొన్ని ఏరాను. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు, అందుకని ఊళ్ళు మాత్రమే ఉంచాను.

ప్ర: సౌతాఫ్రికాతో టెస్టుల్లో, ఈడెన్ గార్డెన్స్‌లో 124 కొట్టలేక 93కి ఆలౌట్. గువాహతిలో ఏకంగా 408 పరుగుల తేడాతో ఓటమి. తప్పు పిచ్‌దా, గంభీర్‌దా, బ్యాట్స్‌మెన్‌దా? ఒక్క మాటలో చెప్పండి. (నెల్లూరు నుంచి ఒక స్పోర్ట్స్ షాపు యజమాని)

జ: ఒక్క మాటలో అయితే బ్యాట్స్‌మెన్‌దే. అక్కడితో ఆపితే మీకూ నాకూ తృప్తి ఉండదు కాబట్టి ఇంకాస్త చెప్తాను.

ఈడెన్ పిచ్ చెత్తదే, అందులో సందేహం లేదు. మొదటి రోజు నుంచే ఒక బంతి లేస్తుంది, ఇంకో బంతి నేలబారుగా పోతుంది. సౌతాఫ్రికా 159, మనం 189, మళ్ళీ వాళ్ళు 153, మనం 93, మూడో రోజుకే మూట కట్టేశారు. గిల్ మెడ పట్టేసి మొదటి ఇన్నింగ్స్‌లోనే వెళ్ళిపోయాడు, అది మన దురదృష్టం. కానీ ఆ పిచ్ మీద నలుగురు స్పిన్నర్లతో దిగింది మనమే కదా. ఓడాక, మేం అడిగిన పిచ్చే ఇచ్చారని కోచ్ గంభీరే చెప్పాడు. అడిగి మరీ తెచ్చుకున్నామన్నమాట!

నాకు మింగుడు పడనిది ఇదే. జడేజా, కుల్‌దీప్ లాంటివాళ్ళు మన దగ్గరుంటే మామూలు పిచ్ మీద కూడా నాలుగో రోజుకి మనదే పైచేయి అవుతుంది, ఎందుకంటే అక్కడ ఓపిక కావాలి, లెంగ్త్ తప్పకూడదు, ఆ విద్య మనవాళ్ళకి ఎక్కువ తెలుసు. మొదటి గంట నుంచే గిర్రున తిరిగే పిచ్ వేస్తే ఆ విద్యకి విలువ పోతుంది, ఎవరు వేసినా వికెట్ పడుతుంది. 2024లో న్యూజిలాండ్ ఇక్కడికొచ్చి 3-0తో ఎగరేసుకుపోయింది కదా, పుణెలో శాంట్నర్‌కి 13 వికెట్లు, ముంబైలో అజాజ్ పటేల్‌కి 11. ముంబైలో మనకి కావల్సింది 147, చేసింది 121. ఆ దెబ్బ తిని ఏడాది తిరిగేసరికి మళ్ళీ అదే గుంటలో కాలు పెట్టాం.

సరే, పిచ్‌ని తిట్టుకుందాం. గువాహతి పిచ్‌ని ఏమని తిడతాం? అక్కడ వాళ్ళు 489 కొట్టారు. ఏడో నంబర్‌లో వచ్చిన ముత్తుస్వామి సెంచరీ చేశాడు, తొమ్మిదో నంబర్‌లో వచ్చిన యాన్సెన్ 93 చేశాడు. అదే యాన్సెన్ బాల్ పట్టుకుని 48 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు, మనం 201కి చాప చుట్టేశాం. రెండో ఇన్నింగ్స్‌లో 140. వాళ్ళ స్పిన్నర్ హార్మర్‌కి రెండు టెస్టుల్లో 17 వికెట్లు. 2000లో క్రోన్యే జట్టు గెలిచాక మళ్ళీ 25 ఏళ్ళకి సౌతాఫ్రికా ఇక్కడ సిరీస్ గెలిచింది. ఈడెన్‌లో మొత్తం మ్యాచ్‌కి కలిపి ఒకే ఒక్క ఫిఫ్టీ ఉంది, అది వాళ్ళ కెప్టెన్ బవుమాది, 55 నాటౌట్. ఏమైనా కొత్త షాట్లు ఆడాడా? లేదు. బంతిని దగ్గరికి రానిచ్చి, చేతులు మెత్తగా పెట్టి, పరుగు వస్తే తీసుకుని, రాకపోతే కూర్చున్నాడు. బవుమా బొమ్మ ఉన్న టీషర్టు మీ షాపులో ఒక్కటైనా ఉందా?

అలా ఆడటం ఎక్కడ నేర్చుకుంటారంటే రాష్ట్రాల జట్లు ఆడుకునే రంజీల్లో. మన పెద్ద బ్యాట్స్‌మెన్ రంజీ ఆడటం ఎప్పుడో ఒకసారి. 2025 జనవరిలో బోర్డు గట్టిగా చెప్తే కోహ్లీ ఢిల్లీకి ఒక రంజీ మ్యాచ్ ఆడాడు. స్టేడియం బయట తెల్లవారక ముందే క్యూలు, తోపులాట. రైల్వేస్ బౌలర్ హిమాంశు సాంగ్వాన్ 6 పరుగులకే ఆఫ్ స్టంప్ ఎగరగొట్టాడు, అంతే, స్టాండ్స్ ఖాళీ అవడం మొదలైంది. మ్యాచ్ ఇంకా నడుస్తూనే ఉంది బాబూ! మనమూ అంతే. 2019 డిసెంబరులో అదే ఢిల్లీ జట్టు మన ఒంగోలు సీఎస్ఆర్ శర్మ కాలేజీ గ్రౌండ్‌కి వచ్చి రంజీ ఆడి ఆంధ్ర చేతిలో ఓడిపోయింది. టికెట్ లేదు, సెక్యూరిటీ గోల లేదు, బౌండరీ తాడు పక్కనే నిలబడి చూడొచ్చు. ఈ మాట చెప్తే ఒంగోలువాళ్ళే కొందరు ‘నిజమా’ అంటారు.

ప్ర: మన తెలుగు కుర్రాడు నితీశ్ రెడ్డిని జట్టులోకి తీసుకోవడం, కూర్చోబెట్టడం, మళ్ళీ తీసుకోవడం. ఇది కావాలని చేస్తున్నారా? (కావలి)

జ: కావాలని ఏమీ కాదన్నా. ఏం చేయాలో తెలియక చేస్తున్నారు, నా ఉద్దేశంలో అది ఇంకా పెద్ద తప్పు.

2024 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద మెల్‌బోర్న్ టెస్టులో ఏం చేశాడో మీకు నేను చెప్పక్కర్లేదు కానీ చెప్పుకోవడం బాగుంటుంది గనక చెప్తా. స్కోరు 191కి 6 వికెట్లు ఉండగా వచ్చాడు. వాషింగ్టన్ సుందర్‌తో 127 పరుగులు జోడించాడు. తను 99 దగ్గరుండగా రెండో వైపు తొమ్మిదో వికెట్ పోయింది, సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులు ఎలాగో ఆపాడు. దేశమంతా ఆ మూడు బంతులకి ఊపిరి బిగబట్టింది. తర్వాతి ఓవర్లో బోలాండ్‌ని మిడాన్ మీదుగా కొట్టి సెంచరీ. హిందుస్తాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకుని కొడుకు వెంట తిరిగిన తండ్రి గ్యాలరీలో కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ టెస్టు మనం 184 పరుగుల తేడాతో ఓడామని మాత్రం చాలామందికి గుర్తుండదు.

ఇప్పుడు అసలు విషయం. నితీశ్ బ్యాటింగ్ చేసే మీడియం పేసర్. ఇలాంటివాడు ఆస్ట్రేలియాలోనో ఇంగ్లండ్‌లోనో పనికొస్తాడు. ఇక్కడ స్పిన్ పిచ్ వేసి అతన్ని ఆడిస్తే బాల్ ఇవ్వరు, బ్యాటింగ్‌లో కిందెక్కడో పంపుతారు. ఈడెన్ టెస్టుకి ముందు జట్టులోంచి పంపేసి, గువాహతికి మళ్ళీ పిలిచారు. 10, 0 చేశాడు, కాసిని ఓవర్లు వేశాడు. అంతకంటే ఆంధ్రకి సీజన్ మొత్తం రంజీ ఆడి రోజుకి పదిహేను ఓవర్లు వేసుంటే అతనికీ మేలు, మనకీ మేలు. ‘తెలుగోడికి అన్యాయం’ అని మనం పోస్టులు పెడితే అతని ఇన్‌స్వింగర్ మెరుగు పడదు కదా.

ఇంకో మాట. నితీశ్ మీద ఇంత ప్రేమ ఉన్న మనం, 2023లో ఇండోర్‌లో మణికట్టు విరిగినా ఎడమచేతి వాటంగా తిరిగి నిలబడి ఆంధ్ర కోసం బ్యాటింగ్ చేసిన హనుమ విహారిని ఎంత తొందరగా మర్చిపోయాం! 2025లో అతను త్రిపుర జట్టుకి మారాడు.

ప్ర: నెల్లూరోళ్ళు చెన్నై సూపర్ కింగ్స్‌కి సపోర్ట్ చేయాలా, సన్‌రైజర్స్‌కా? మా హాస్టల్లో కొట్లాటలవుతున్నాయి. (నెల్లూరు, ఇంజినీరింగ్ విద్యార్థి)

జ: తమ్ముడూ, ఆస్పత్రి పనికీ, పెళ్ళి పట్టుచీరలకీ చెన్నై ట్రైనెక్కే ఊరు మనది, అందువల్ల పసుపు చొక్కా మీద ప్రేమ ఉండటంలో వింతేం లేదు. కానీ 2025 సీజన్‌లో చెన్నై చివరి స్థానం, హైదరాబాద్ ఆరో స్థానం. సన్‌రైజర్స్ ఒకరోజు 286 కొడతారు, తర్వాత సగం మ్యాచ్‌ల్లో దాన్ని తలుచుకుంటూ ఆడతారు. చెన్నైవాళ్ళేమో జడేజాని ఇచ్చేసి సంజూ శాంసన్‌ని తెచ్చుకున్నారు. ఇన్నేళ్ళు ‘మా జడ్డూ’ అని అరిచినవాళ్ళు ఇప్పుడెవరి పేరు అరుస్తారో చూడాలనుంది. ఇద్దరి కోసమూ కొట్టుకునేంత సీన్ లేదు, మెస్ టైమ్ అయిపోతుంది చూసుకోండి.

ప్ర: 18 ఏళ్ళకి కోహ్లీ చేతికి ఐపీఎల్ కప్పొచ్చింది. ఈ ఏడాదికి ఇంతకన్నా మంచి క్షణం ఉందా? (బుచ్చిరెడ్డిపాళెం)

జ: కోహ్లీ ఏడ్చినప్పుడు నాకూ గొంతు పట్టేసింది, అబద్ధమెందుకు. కానీ ఆ ఫైనల్ గెలిపించింది కృనాల్ పాండ్యా. 190 కాపాడుకోవాల్సిన మ్యాచ్‌లో నాలుగు ఓవర్లకి 17 పరుగులిచ్చి 2 వికెట్లు తీశాడు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనే. కోహ్లీ 35 బంతుల్లో 43 చేశాడు. అవతల పంజాబ్‌కి చివరి ఓవర్లో 29 కావాలి, శశాంక్ సింగ్ 22 కొట్టి ఆరు పరుగుల దూరంలో ఆగిపోయాడు, 30 బంతుల్లో 61 నాటౌట్. మర్నాడు టీవీలో ఈ ఇద్దరి గురించి ఎంతసేపు చెప్పారో చూశారుగా.

ఆ మర్నాడే బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది పోయారు. గెలిచిన 24 గంటలు కూడా కాకముందే సంబరం పెట్టాల్సిన తొందర ఎవరికొచ్చింది? ఆటగాళ్ళు ఎక్కడికీ పారిపోరు, కప్పూ కరిగిపోదు, వారం ఆగి, పాసులిచ్చి, గేట్లన్నీ తెరిచి పెట్టుకోవచ్చు. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: ఉంది. అంతకన్నా మంచి క్షణం నవంబరులో వచ్చింది, కింద పొదిలి నుంచి ఒకమ్మ అడిగిన ప్రశ్న చూడండి.

ప్ర: ఆసియా కప్‌లో పాకిస్తాన్ వాళ్ళకి చెయ్యి ఇవ్వకపోవడం, ట్రోఫీ తీసుకోకపోవడం కరెక్టేనా? (సింగరాయకొండ)

జ: మీరు తిట్టినా సరే నా అభిప్రాయం చెప్తాను. ఆడటం ఇష్టం లేకపోతే ఆడకూడదు. ప్రభుత్వమో బోర్డో వద్దంటే అందరం సరే అంటాం. ఒకే టోర్నీలో మూడుసార్లు ఆడి, టీవీ డబ్బులు తీసుకుని, చివర్లో చెయ్యి మాత్రం ఇవ్వం అంటే అది నాకు సగం పనిలా కనిపిస్తుంది. ఇంతాచేసి ఆ గొడవలో తిలక్ వర్మ ఇన్నింగ్స్ మునిగిపోయింది. 147 కొట్టాల్సిన ఫైనల్లో 20కి 3 వికెట్లు పోయాక నిలబడి 53 బంతుల్లో 69 నాటౌట్. అంతకుముందు 113కి ఒకే వికెట్ మీదున్న పాకిస్తాన్‌ని 146కి కట్టేసింది కుల్‌దీప్, 4 వికెట్లు. ఈ రెండూ ఎవరైనా మళ్ళీ వేసుకుని చూశారా? అందరి ఫోన్లలోనూ ట్రోఫీ ఎవరెత్తుకెళ్ళారన్న వీడియోనే.

ప్ర: మెస్సీ ఉప్పల్ వచ్చాడు, వెళ్ళి చూశాను, జన్మ ధన్యం. ఇంతమంది అభిమానులున్న దేశం ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఎప్పుడు ఆడుతుంది? (కందుకూరు, డిగ్రీ విద్యార్థి)

జ: ధన్యమే తమ్ముడూ, నీ అదృష్టం. అదే రోజు పొద్దున కోల్‌కతాలో డబ్బులు పెట్టి వెళ్ళినవాళ్ళకి మెస్సీ కనపడనే లేదు, చుట్టూ వీఐపీలు ముసిరారు, కోపమొచ్చి జనం కుర్చీలు పీకి విసిరారు. హైదరాబాద్‌లో పద్ధతిగా జరిగింది, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా బంతి తన్నారు.

కానీ నువ్వు చూసొచ్చిన ఆ ఊళ్ళో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ జట్టు లేదని తెలుసా? 2022లో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల మీద ఓడించి చాంపియన్ అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ, డబ్బులకి కటకటలాడి, చేతులు మారి, మెస్సీ రావడానికి రెండు నెలల ముందే ఢిల్లీకి వెళ్ళి పేరు మార్చుకుంది. దాని కోసం ఎవరూ కుర్చీలు విసరలేదు. ఐఎస్ఎల్ సంగతీ అంతే, ఫెడరేషన్‌కీ లీగ్ నడిపే కంపెనీకీ మధ్య ఒప్పందం 2025 డిసెంబరుతో ముగిసిపోయి, ఆ ఏడాది చివరికి కూడా సీజన్ మొదలు కాలేదు. జీతాలొస్తాయో లేదో తెలియక ఆటగాళ్ళు ఎదురుచూస్తూ కూర్చున్నారు.

2025 నవంబరు 18న ఢాకాలో మనం బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడాం, వాళ్ళ చేతిలో ఓడటం 22 ఏళ్ళ తర్వాత. అంతకుముందు నెల గోవాలో సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్ అవకాశం పోగొట్టుకున్నాం. అదే నవంబరు 18న కురసావ్ అనే బుల్లి దీవి జమైకా వెళ్ళి డ్రా చేసుకుని ప్రపంచకప్‌కి అర్హత సాధించింది. ఆ దేశం మొత్తం జనాభా లక్షన్నర చిల్లర, మన నెల్లూరు టౌన్‌లో మూడో వంతు ఉండదు! వాళ్ళ ఆటగాళ్ళలో చాలామంది నెదర్లాండ్స్‌లో పుట్టి అక్కడి క్లబ్బుల్లో తయారైనవాళ్ళు, అది నిజమే. మనమూ ఇప్పుడు ఆ దారి పట్టాం, ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదిలి మన పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. తప్పులేదు. కానీ ఒకరిద్దరితో జట్టు నిండదు.

ఇప్పుడు అసలు బాధ. మన ఫుట్‌బాల్ బాగున్న రోజుల్లో దాన్ని నడిపింది హైదరాబాద్. సయ్యద్ అబ్దుల్ రహీం అక్కడి స్కూల్ టీచర్. ఆయన కోచ్‌గా ఉండగా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, నెవిల్ డిసౌజా ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. పోలీసులు డ్యూటీ చేసుకుంటూ గెలిచారయ్యా! రహీం గారు 1963లో పోయారు, మనం ఆ తర్వాత మళ్ళీ ఆసియా క్రీడల బంగారం చూడలేదు.

ప్రపంచకప్ ఎప్పుడంటావా? ఆడవాళ్ళ జట్టు మీద ఆశ పెట్టుకో. 2025 జులైలో థాయ్‌లాండ్ వెళ్ళి వాళ్ళ సొంత గడ్డ మీద 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి అర్హత తెచ్చుకున్నారు. ఆ రెండు గోల్స్ కొట్టినమ్మాయి సంగీతా బస్ఫోర్. ఎప్పుడైనా పేరు విన్నావా?

ప్ర: మా పాపకి 12 ఏళ్ళు. వీధిలో మగపిల్లలతో క్రికెట్ ఆడుతుంది, లెఫ్ట్ హ్యాండ్‌తో వేస్తుంది. ప్రపంచకప్ చూశాక ‘నేను శ్రీచరణి అవుతా’ అంటోంది. మా ఇంట్లో మగాళ్ళు నవ్వుతున్నారు. ఏం చేయాలి? (పొదిలి నుంచి ఒక తల్లి)

జ: ముందు మగాళ్ళని నవ్వడం ఆపమనండమ్మా.

శ్రీచరణి మన పక్క జిల్లా అమ్మాయే, కడప జిల్లా ఎర్రమల్లె. తండ్రి థర్మల్ పవర్ ప్లాంట్‌లో ఉద్యోగి. చిన్నప్పుడు ఖోఖో, పరుగు పందేలు ఆడి, క్రికెట్‌కి కాస్త ఆలస్యంగానే వచ్చింది. ఇండియాకి వన్డే ఆడటం మొదలెట్టిందే 2025 ఏప్రిల్‌లో, నవంబరుకి ప్రపంచకప్ విజేత. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది, మన జట్టులో దీప్తి శర్మ తర్వాత ఎక్కువ వికెట్లు ఈ అమ్మాయివే. ఫైనల్లో దీప్తికి 5 వికెట్లూ 58 పరుగులూ, షెఫాలీకి 87, వాళ్ళ గురించి అందరూ మాట్లాడారు, మాట్లాడాలి కూడా. కానీ మిడిల్ ఓవర్లలో పరుగులు రాకుండా బిగించి, అవతల బౌలర్‌కి వికెట్ వచ్చేట్టు చేయడం ఎంత కష్టమో బౌలింగ్ వేసినవాళ్ళకే తెలుస్తుంది. శ్రీచరణి చేసింది ఎక్కువగా ఆ పనే.

డబ్బు గురించి కూడా చెప్పాలి, ఇంట్లో మగాళ్ళు చివరికి అడిగేది అదే కాబట్టి. 2022 అక్టోబరులోనే బోర్డు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే మ్యాచ్ ఫీజు అని ప్రకటించింది, టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6, టీ20కి 3. ఇండియాకి ఆడేది కొద్దిమందే కదా అంటారేమో, 2025 డిసెంబరులో దేశవాళీ వన్డేలకి సీనియర్ అమ్మాయిల ఫీజు రోజుకి 20 వేల నుంచి 50 వేలు చేశారు. నాకైతే ప్రపంచకప్ కన్నా ఈ వార్త పెద్దదిగా కనిపించింది, కానీ పేపర్లో మూలన వేశారు. ఆడవాళ్ళ ఐపీఎల్ లాంటి డబ్ల్యూపీఎల్ వేలంలో శ్రీచరణికి కోటీ 30 లక్షలు వచ్చాయి, మన ప్రభుత్వం రెండున్నర కోట్లూ ఇంటి స్థలమూ గ్రూప్-1 ఉద్యోగమూ ప్రకటించింది.

ఇక మీరు చేయాల్సింది. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్‌లో తేదీ ఒకటే ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. ట్రయల్స్‌లో పిల్లల్ని వెనక్కి పంపేది ఎక్కువగా ఈ కాగితాల దగ్గరే. జిల్లా క్రికెట్ సంఘంవాళ్ళు అండర్-15 బాలికల సెలెక్షన్స్ ఎప్పుడు పెడతారో ఫోన్ చేసి కనుక్కోండి. అకాడమీల పేరుతో మొదటే పెద్ద ఫీజు అడిగేవాళ్ళ దగ్గరికి పోవద్దు. మగపిల్లలతో ఆట మాన్పించకండి, వాళ్ళు గట్టిగా కొడతారు, లెఫ్టార్మ్ స్పిన్నర్‌కి అంతకంటే మంచి స్కూలు పొదిలిలో దొరకదు. టెన్నిస్ బాల్ నుంచి లెదర్ బాల్‌కి మాత్రం తొందరగా మార్చండి, వేళ్ళకి ఆ బరువు, ఆ కుట్టు అలవాటవ్వాలి.

ప్ర: ఎప్పుడూ క్రికెట్టేనా? కబడ్డీ గురించి రాయరేం? (అల్లూరు)

జ: న్యాయమైన కోపం. రాస్తున్నా. ప్రో కబడ్డీ ఫైనల్లో దబాంగ్ ఢిల్లీ 31-28తో పుణేరి పల్టన్‌ని ఓడించింది, మన తెలుగు టైటన్స్ ఈసారి ప్లేఆఫ్స్ దాకా వచ్చారు, మునుపటి సీజన్లతో పోలిస్తే పండగే. అన్నిటికన్నా పెద్దది, క్రికెట్ అమ్మాయిలు కప్పు కొట్టిన అదే నవంబరులో కబడ్డీ అమ్మాయిలు కూడా ఢాకాలో చైనీస్ తైపీని 35-28తో ఓడించి ప్రపంచకప్ తెచ్చారు. మీ ఊళ్ళో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి, నాకు కోపం వచ్చేది అక్కడే.

ప్ర: మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం. ‘ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తున్నా’ అని వీడియో కాల్ చేస్తే కోలగా ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరిగెడుతున్నారు. ఇదేం ఫుట్‌బాల్? (ఒంగోలు, రిటైర్డ్ టీచర్)

జ: మేష్టారూ, మీ అబ్బాయి వెళ్ళింది ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌కి, అక్కడ ‘ఫుటీ’ అంటారు. జట్టుకి 18 మంది, క్రికెట్ గ్రౌండ్ మీదే ఆడతారు. నాలుగు స్తంభాలుంటాయి, మధ్య రెండింటి లోంచి బంతిని తంతే 6 పాయింట్లు, పక్కకి పోతే 1. పక్కకి పోయినా పాయింట్ ఇవ్వడం నాకు భలే నచ్చింది. దీని పుట్టుకకి క్రికెట్టే కారణం. 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్, చలికాలంలో మనవాళ్ళ ఒళ్ళు బిగుసుకుపోకుండా ఏదైనా ఆట పెట్టండని పత్రికకి ఉత్తరం రాశాడు, 1859లో మెల్‌బోర్న్‌లో రూల్స్ రాసుకున్నారు. 2025 ఫైనల్లో బ్రిస్బేన్ లయన్స్ 122-75తో జీలాంగ్‌ని ఓడించారు, ఎంసీజీకి (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) లక్ష మంది పైనే వచ్చారు. నితీశ్ సెంచరీ కొట్టిన గ్రౌండ్ అదే.

రగ్బీ వేరు. అందులోనూ రెండు రకాలు, ఒకదానికి 15 మంది, ఇంకోదానికి 13. అమెరికావాళ్ళది ఇంకో రకం, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకుంటారు, ఆట కన్నా విరామం ఎక్కువ. వీటన్నిట్లో మనవాళ్ళకి తొందరగా ఎక్కేది 13 మంది రగ్బీ అని నా నమ్మకం: బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడం, లేచి మళ్ళీ మొదలెట్టడం, కబడ్డీ కూత లేకుండా ఆడినట్టుంటుంది. అబ్బాయిని ఈసారి దానికి వెళ్ళి మీకు కాల్ చేయమనండి.

ప్ర: మా తమ్ముడు ఐపీఎల్ బెట్టింగుల్లో మునిగాడు. యాప్‌లు బ్యాన్ చేశారన్నారు, మళ్ళీ ఏదో లింక్ వస్తోంది అంటాడు. మ్యాచ్ వస్తే ఇంట్లో టెన్షన్. (దర్శి)

జ: మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లు 2020 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది. నడిపేవాడికి మూడేళ్ళ జైలు, కోటి రూపాయల జరిమానా దాకా ఉంది, ప్రకటన చేసేవాడికి రెండేళ్ళు, 50 లక్షలు. ఆడి పోగొట్టుకున్నవాణ్ణి పార్లమెంటు చేసిన ఆ చట్టం శిక్షించదు, మన రాష్ట్ర చట్టంలో మాత్రం ఆడినవాళ్ళకీ శిక్ష ఉంది, ‘పోలీసుల దగ్గరికి వెళ్తే నన్నే లోపలేస్తారు’ అని మీ తమ్ముడు భయపడుతుంటే ఈ రెండు మాటలూ చెప్పండి. టీమిండియా చొక్కా మీద ఉన్న కంపెనీయే ఆ చట్టంతో రాత్రికి రాత్రి తప్పుకోవాల్సొచ్చింది.

ఇప్పుడొచ్చే లింకులు విదేశాల నుంచి నడిపేవి, లేదా టీ కొట్టు దగ్గర కూర్చున్న బుకీ పంపేవి. మొదట్లో గెలిపిస్తారు. తర్వాత డబ్బు తీసుకోబోతే ‘ట్యాక్స్ కట్టు, విత్‌డ్రా అవుతుంది’ అంటారు. అలా కట్టి డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, అకౌంట్‌లో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. మనిషి నిద్రపోకుండా, ఎవరితో మాట్లాడకుండా ఉంటే 14416 టెలిమానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. అప్పు ఇంట్లో అందరి ముందూ ఒక కాగితం మీద రాయించండి. తీర్చేది మీరైతే డబ్బు అతని చేతికివ్వకుండా నేరుగా అప్పిచ్చినవాళ్ళకే ఇవ్వండి.

కొట్టి, ఫోన్ లాక్కుంటే సరిపోదా అని మీ నాన్నగారు అంటున్నారని రాశారు. సరిపోదు. ఇంకో ఫోన్ దొరుకుతుంది. ఇన్నేళ్ళు మనకి నచ్చిన హీరోలు, క్రికెటర్లు టీవీలో నవ్వుతూ ‘నీ టీమ్ కట్టు, కోట్లు గెలువు’ అని చెప్తుంటే ఎవరమూ ఏమీ అనలేదు. ఇరవై ఏళ్ళ పిలకాయ ఒక్కడి మీదే తప్పంతా వేయడం నాకు ఒప్పదు.

ప్ర: 2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్ మనకి ఏ టైమ్‌కి వస్తుంది? ఉద్యోగం చేసేవాళ్ళు చూడగలరా? (మార్కాపురం)

జ: అమెరికా, కెనడా, మెక్సికోల్లో కాబట్టి మనకి రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లారాక కూడా నడుస్తుంటాయి. ఈసారి 48 జట్లు, 104 మ్యాచ్‌లు, జూన్ 11న మెక్సికో, సౌతాఫ్రికా మ్యాచ్‌తో మొదలు. అన్నీ చూడాలంటే ఉద్యోగం వదిలేయాలి. గ్రూప్ మ్యాచ్‌ల్లో కురసావ్‌వి మాత్రం వదలొద్దు. ఫైనల్ జులై 19 ఆదివారం, అక్కడ మధ్యాహ్నం 3 గంటలకి, అంటే మనకి ఆదివారం అర్ధరాత్రి దాటాక 12:30. సోమవారం సెలవు చీటీ ఇప్పుడే రాసి పెట్టుకోండి, జులైలో అడిగితే మీ మేనేజరే ముందు పెట్టేసుకుని ఉంటాడు.